మినిట్స్‌లో రాసిన ఒక్క క్రియ, నొచ్చుకున్న మాస్టారు

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు, ఊరు ప్రకటించవద్దని కోరారు. ఆమె ఒక స్వచ్ఛంద సంఘంలో సహాయ కార్యదర్శి. సమావేశాల మినిట్స్‌ను ఇంగ్లీషులో రాసి సభ్యులకు పంపడం రెండేళ్లుగా ఆమె బాధ్యత. సంఘం కోశాధికారి ఒకప్పుడు హైస్కూల్లో ఆమెకు ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుడు. ఆయనను ఆమె ఇప్పటికీ ‘మాస్టారూ’ అనే పిలుస్తారు. కిందటి సర్వసభ్య సమావేశంలో, మూడు ఖర్చులకు రసీదులు లేవన్న విషయం మీద సభ్యులు ఆయనను ప్రశ్నించారు. మొదట ఒకరు అడిగారు. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరుగా పదకొండు మంది లేచారు. కాసేపటికి రసీదుల సంగతి పక్కకు పోయి ఆయన వయసు మీద, మతిమరుపు మీద మాటలు పడ్డాయి. వెనుక వరుసల్లో నవ్వులు వినిపించాయి. కూర్చోమని ఎవరూ అనకపోవడంతో ఆయన ఫైలును గుండెలకు ఆనించుకుని ముప్పావుగంట సేపు నిలబడే ఉన్నారు. చివరికి, ఇద్దరు సభ్యులు లెక్కలు పరిశీలించి వచ్చే సమావేశంలో నివేదిక ఇవ్వాలని నిర్ణయించారు.

ఆ రాత్రి మినిట్స్ రాస్తున్నప్పుడు, ‘క్రిటిసైజ్’ అన్న క్రియ అప్పటికే రెండుసార్లు వచ్చిందని ఆమె మరో మాట కోసం వెతికారు. ‘పిల్లరీ’ అన్న క్రియకు నిఘంటువులో ‘బహిరంగంగా విమర్శించు’ అని ఉంది. సరిపోతుందనుకుని, ‘సభ్యులు కోశాధికారిని పిల్లరీ చేశారు’ అని రాసి అందరికీ పంపారు. రెండు రోజుల తర్వాత మాస్టారు ఫోన్ చేసి, ‘అమ్మా, ఈ మాటకు అర్థం తెలిసే రాశావా?’ అని మాత్రం అడిగి పెట్టేశారు. అప్పటి నుంచి ఆమె ఫోన్ చేసినా ఎత్తడం లేదు. కార్యదర్శి, ‘దానిదేముంది, సెన్షర్ చేశారని మార్చి మళ్లీ పంపండి, గౌరవంగా ఉంటుంది’ అన్నారు. మరో సభ్యుడు, ‘నిఘంటువులో ఉన్నదే రాశారు, ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోను’ అంటున్నారు. తాను వాడిన మాట తప్పా, ఒప్పా? మినిట్స్ మార్చాలా, వద్దా? మాస్టారి దగ్గరకు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ఆమె అడిగినవి ఈ మూడు.

మీ ఉత్తరంలో అన్నింటికంటే ముందు నన్ను ఆపింది మాస్టారు అడిగిన ప్రశ్న. ఆయన మిమ్మల్ని తిట్టలేదు, సంజాయిషీ కోరలేదు, మాటను తీసేయమని కూడా అనలేదు. అర్థం తెలిసే రాశావా అని అడిగారు. ఇంగ్లీషు చెప్పిన మనిషి అడగదగిన ప్రశ్న అది. మిగతా రెండు ప్రశ్నలకు జవాబు కూడా దానిలోనే ఉందని నాకు అనిపిస్తున్నది కనుక ముందు ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

పిల్లరీ అన్నది క్రియ కావడానికి ముందు ఒక వస్తువు. నేలలో పాతిన స్తంభానికి మనిషి మెడ ఎత్తున రెండు చెక్కలు అమర్చి ఉంటాయి. పై చెక్క అంచున మూడు అర్ధచంద్రాలు, కింది చెక్క అంచున మూడు అర్ధచంద్రాలు కోసి ఉంటాయి; రెండూ కలిపి మూస్తే నడుమ మెడకు ఒక రంధ్రం, దాని రెండు పక్కలా మణికట్లకు ఒక్కొక్క రంధ్రం ఏర్పడతాయి. మన భాషలో బొండకొయ్య అన్న మాట ఉంది కాని, అది కాళ్లను బిగించేది, అందులో మనిషి కూర్చోవచ్చు. పిల్లరీలో కూర్చోవడం ఉండదు. నడుము కొంచెం వంగి, తల ముందుకు వచ్చి, చేతులు తల పక్కన వేలాడుతూ నిలబడాలి. మీద పడేదాన్ని చేతితో అడ్డుకోలేరు, ముఖం పక్కకు తిప్పుకోలేరు. ఆ కొయ్యను తయారు చేసినవాళ్లు కావాలని చేసిన ఏర్పాటు అది: శిక్ష పడిన మనిషి ముఖం జనానికి కనబడి తీరాలి.

ఇంగ్లండులో 13వ శతాబ్దం నాటికే తూకంలో మోసం చేసే రొట్టెల వ్యాపారులకు ఈ శిక్ష ఉండేది. తర్వాతి కాలంలో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్లకు, ప్రభుత్వానికి నచ్చని రాతలు రాసినవాళ్లకు కూడా వేశారు. న్యాయస్థానం చెప్పేది ఎక్కడ, ఎంతసేపు అన్నంత వరకే. ఆ గంటలో ఏం జరగాలన్నది చుట్టూ మూగిన జనం చేతిలో ఉండేది. ‘రాబిన్సన్ క్రూసో’ నవల రాసిన డేనియల్ డెఫో 1702లో ఒక కరపత్రం రాశాడు. అధికార మతశాఖలో చేరనివారిని అణచివేయాలనే ఛాందసుల గొంతును అనుకరిస్తూ, ఆ వాదన ఎంత క్రూరమైనదో చూపించడం అతని ఉద్దేశం. తానూ ఆ చేరనివారిలో ఒకడే. పట్టుబడ్డాక, 1703 జులై 29, 30, 31 తేదీల్లో లండన్‌లో మూడు చోట్ల అతన్ని పిల్లరీలో నిలబెట్టారు. జనం అతని పక్షాన నిలిచారు. రాళ్లకు బదులు పూలు విసిరారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నగరంలో 1732లో జాన్ వాలర్ అనే మనిషికి, అబద్ధపు సాక్ష్యాలతో అమాయకులను ఇరికించినందుకు, అదే శిక్ష వేశారు. గుంపు అతన్ని అక్కడికక్కడే చంపేసింది. 1780లో మరొక మనిషి ఇలాగే చనిపోయినప్పుడు ఎడ్మండ్ బర్క్ అనే సభ్యుడు పార్లమెంటులో లేచి, ఇది సిగ్గు కలిగించడానికి ఉద్దేశించిన శిక్షే తప్ప ప్రాణం తీయడానికి కాదని అభ్యంతరం తెలిపాడు. 1816లో ఈ శిక్షను చాలా నేరాలకు తీసేశారు, 1837లో ఇంగ్లండులో పూర్తిగా రద్దు చేశారు.

కొయ్య పోయింది, క్రియ మిగిలింది. ఎవరినైనా పిల్లరీ చేశారని ఇంగ్లీషు తెలిసినవాళ్లు చదివినప్పుడు వాళ్ల మనసుకు వచ్చేది విమర్శలోని విషయం కాదు, నిలబడిన మనిషీ అతని చుట్టూ ఉన్న గుంపూ. అందుకే ఈ క్రియ చాలాసార్లు కర్మణిలో కనిపిస్తుంది: ‘ఫలానా మంత్రి పత్రికల్లో పిల్లరీకి గురయ్యారు’ అన్న పద్ధతిలో. చేసినవాళ్ల వెనుక సాధారణంగా ఒక సమూహం ఉంటుంది. చేయించుకున్నది మనిషో, మనిషిలాగా భావించే సంస్థో అయి ఉంటుంది. ఒక వాదననో, లెక్కల పట్టికనో పిల్లరీ చేశారనడం అరుదు. మీ నిఘంటువు ‘బహిరంగంగా విమర్శించు’ అని చెప్పింది అబద్ధమేమీ కాదు. అయితే ఒక్క పంక్తి అర్థాలు మాట ఎటు చూపుతుందో చెబుతాయి గాని, అది ఎంత బరువు మోస్తుందో చెప్పవు.

తెలుగులో మనకు ఈ తేడా చెవికే తెలుస్తుంది. తూర్పారబట్టారంటాం, దుయ్యబట్టారంటాం, ఎండగట్టారంటాం, బజారుకీడ్చారంటాం. నాలుగూ బహిరంగ విమర్శలే. కాని తూర్పారబట్టేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి: గాలివాటు చూసుకుని చేటను తల ఎత్తుకు లేపి నెమ్మదిగా ఒంపితే పొట్టూ తాలూ ఎగిరి పక్కన పడతాయి, గింజ కాళ్ల దగ్గర కుప్ప పడుతుంది. ఆ మాట ఎంత పరుషంగా వాడినా, గింజ మిగలాలన్న తలపు దానిలో ఉంది. బజారుకీడ్చడంలో మిగిలేది ఏదీ లేదు. ఈడ్చేవాళ్లు, చూసేవాళ్లు, ఈడ్చబడిన మనిషి, అంతే. పిల్లరీకి తెలుగులో దగ్గరి మాట వెతకమంటే నేను ‘బజారుకీడ్చడం’ అనే చెబుతాను, లేదా ‘నలుగురిలో నిలబెట్టి పరువు తీయడం’ అంటాను. ఇప్పుడు మీ వాక్యాన్ని ఆ మాటతో చదువుకోండి: ‘సభ్యులు కోశాధికారిని బజారుకీడ్చారు.’ తెలుగులోనైతే ఈ వాక్యాన్ని మినిట్స్‌లో రాయడానికి మీ చెయ్యి వచ్చేదా?

ఇక్కడ మీరూ, ఆ పట్టుదల పట్టిన సభ్యుడూ, బహుశా మాస్టారూ గమనించని సంగతి ఒకటి ఉంది. ఆయనను దోషుల కొయ్యకు ఎక్కించారని మాస్టారు నొచ్చుకుని ఉంటారు. సంఘం చేసిన విమర్శ సరిగ్గా నమోదైందని ఆ సభ్యుడు సంతోషిస్తున్నారు. నిజానికి ఈ క్రియ నిలబడిన మనిషి మీద కంటే నిలబెట్టినవాళ్ల మీద ఎక్కువ తీర్పు చెబుతుంది. పిల్లరీ చేశారని రాసేవాళ్లు చాలాసార్లు, విమర్శ మోతాదు మించిందనో, న్యాయం తప్పిందనో, అది వేడుకగా మారిందనో కూడా చెబుతున్నట్టు లెక్క. ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోనంటున్న ఆయనకు, ఆ వాక్యం పదకొండు మంది సభ్యులను గుంపు అంటున్నదని తెలిస్తే బహుశా ముందుగా సవరణ కోరేది ఆయనే అవుతారు.

ఇక మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం ఇబ్బందికరమైన మాట చెప్పాలి. మీరు వర్ణించిన ముప్పావుగంటను నేను మళ్లీ మళ్లీ చదివాను. ఒకరి వెనుక ఒకరు లేవడం, విషయం వదిలి వయసు మీద పడడం, వెనుక వరుసల్లో నవ్వులు, కూర్చోమనే దిక్కు లేక ఫైలు పట్టుకుని నిలబడిన మనిషి. జరిగిన దానికి మీరు వాడిన మాట తప్పు కాదు. మీకు తెలియకుండానే సరైన మాట పడింది. తప్పు దాని చోటులో ఉంది. ఒక స్నేహితురాలికి రాసే ఉత్తరంలోనో, మీ డైరీలోనో ఆ వాక్యం నిజం చెప్పేది. మినిట్స్ అలాంటి చోటు కాదు. ఏం నిర్ణయించారు, ఎవరికి ఏ పని అప్పగించారు, ఏ తీర్మానానికి ఎన్ని ఓట్లు వచ్చాయి అన్నది రాసుకునే పత్రం అది. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడారన్నది దానికి అనవసరం. కనుక అక్కడ ‘పిల్లరీ’కి బదులు మరో ఘాటైన క్రియ వెతకడం కూడా దారి కాదు. ‘లాంబాస్ట్’ అనే మాటకు పుట్టుకలో అర్థం చితకబాదడం. ‘ఎక్స్‌కోరియేట్’ అంటే మూలార్థంలో చర్మం వలవడం. ‘కాస్టిగేట్’కు మూలంలో శుద్ధి చేయడమన్న భావం ఉన్నా వాడుకలో అది కఠినమైన మందలింపే. వీటిలో ఏది పెట్టినా మాస్టారు నొచ్చుకునే మాటే.

కార్యదర్శిగారి సలహా మీద మాత్రం గట్టిగా హెచ్చరించక తప్పదు. ‘సెన్షర్’ వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది, అందుకే ప్రమాదం. సినిమాకు వాడే ‘సెన్సార్’కూ దీనికీ మూలం ఒక్కటే, ప్రాచీన రోములో పౌరుల జాబితా రాస్తూ వాళ్ల నడవడిని కూడా అదుపులో పెట్టిన అధికారి పేరు అది. ఆ అధికారపు వాసన మాటను ఇంకా వదలలేదు. సభల్లో, సంఘాల్లో, ఉద్యోగ నిబంధనల్లో సెన్షర్ అంటే తీర్మానం ద్వారానో, అధికారికమైన ఉత్తర్వు ద్వారానో చేసే అభిశంసన. మీ సమావేశంలో అలాంటి తీర్మానం ఎవరూ ప్రతిపాదించలేదు, ఓటు జరగలేదు. జరిగింది ఇద్దరికి లెక్కల పరిశీలన అప్పగించడం. ఆ మాట పెడితే, పరిశీలన పూర్తి కాకముందే సంఘం ఆయనను దోషిగా తేల్చిందని పత్రం చెబుతుంది. పిల్లరీ ఆయనకు అవమానం. సెన్షర్ ఆయన మీద అబద్ధం. రేపు ఆయన అభ్యంతరం తెలిపితే సమాధానం చెప్పుకోవలసింది సంఘమే, రాసినవారిగా ముందుండేది మీరే.

మరి మీ ముందున్న దారులేమిటి? ఏమీ మార్చకుండా ఉంచి, మాట అర్థాన్ని అందరికీ వివరించడం ఒకటి. దీనివల్ల మీ ఇంగ్లీషు మీద ఎవరికీ అనుమానం ఉండదు కాని, వివరణ మినిట్స్‌తో పాటు ప్రయాణం చేయదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచే మనిషికి మాస్టారి పేరు, ఆ క్రియ, ఈ రెండే కనిపిస్తాయి. ఇంతకీ ఆయన ఏం చేశాడని అనుకుంటారు. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని పరిశీలకులు తేల్చినా ఆ వాక్యం అక్కడే ఉంటుంది.

చడీచప్పుడు లేకుండా వాక్యం మార్చి కొత్త ప్రతి పంపడం మరొక దారి, కార్యదర్శిగారు సూచించింది దాదాపు ఇదే. పాత ప్రతి ఇప్పటికే అందరి దగ్గరా ఉంది. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తప్పకుండా ఉంటారు. అప్పుడు మాస్టారి రసీదుల మీద ఉన్న అనుమానానికి మీ మినిట్స్ మీద అనుమానం తోడవుతుంది, మాస్టారు చెప్పి మార్పించారన్న మాట కూడా పుడుతుంది. ఆయనకు మేలు చేయబోయి కొత్త నింద తెచ్చిపెట్టినట్టవుతుంది.

మూడోది, వచ్చే సమావేశంలో పాత మినిట్స్‌ను ఆమోదానికి పెట్టినప్పుడు మీరే లేచి సవరణ ప్రతిపాదించడం. ఇంకా ఆమోదం పొందలేదు కనుక దీనికి మంచి సమయం అదే. ఆమోదం అయిపోతే మార్చడానికి విడిగా తీర్మానం కావలసి వస్తుంది. ఆ వాక్యాన్ని తీసేసి, ‘మూడు ఖర్చులకు రసీదులు లేకపోవడంపై సభ్యులు ప్రశ్నించారు, కోశాధికారి సమాధానమిచ్చారు, లెక్కలు పరిశీలించి వచ్చే సమావేశంలో నివేదిక ఇవ్వడానికి ఇద్దరు సభ్యులను నియమించారు’ అన్న అర్థం వచ్చేలా రాయండి. రసీదుల సంగతి మాత్రం తీసేయకండి. ఆయన మీద అభిమానంతో దాన్ని కూడా మెత్తబరిస్తే, ప్రశ్న అడిగిన మొదటి సభ్యుడికి అన్యాయం చేసినవారవుతారు. ఆ మనిషి అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. ఈ దారికీ ఖర్చు ఉంది. అందరి ముందూ నిలబడి, ఈ మాట ఇక్కడ వాడకూడనిదని మీరు ఒప్పుకోవాలి. సంఘం తప్పును కప్పిపుచ్చుతున్నారని ఒకరిద్దరు అనవచ్చు. దాచడానికి ఏమీ లేదని చూపించడానికి పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ రెండింటినీ చదివి వినిపించండి, సవరణ జరిగిన సంగతి కూడా మినిట్స్‌లో రాయండి.

ఇలా బాహాటంగా సవరించడానికి అమెరికా సెనేట్ చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను 1834 మార్చిలో సెనేట్ సెన్షర్ చేసింది. దాదాపు మూడేళ్లు గడిచి, సభలో బలాబలాలు మారాక, దాన్ని తొలగించాలని 1837 జనవరిలో తీర్మానించారు. అప్పుడు వాళ్లు ఆ పుటను చింపలేదు, అక్షరాల మీద సిరా పులమలేదు. సెనేట్ కార్యదర్శి చేతిరాత జర్నల్‌ను తెప్పించి, ఆ తీర్మానం చుట్టూ నల్లని గీతలు గీసి, సెనేట్ ఆదేశంతో దీన్ని తొలగించడమైనదని దాని మీదే రాశాడు. మొదట రాసిందీ కనిపిస్తుంది, తర్వాత మనసు మార్చుకున్నదీ కనిపిస్తుంది. మీ సంఘం పుస్తకంలో అంత తతంగం అవసరం లేకపోయినా, పద్ధతి అదే.

నాలుగో దారి ఒకటి ఉంది గాని, దాన్ని ఎంచుకోమని నేను ఒత్తిడి చేయను. సవరణ ప్రతిపాదించేటప్పుడు, ఆ మాట మినిట్స్‌కు తగదు కాని ఆ రోజు జరిగినదానికి తగినదేనని కూడా మీరు సభలో అనవచ్చు. అంటే సభలో గాలి మారుతుంది. కొందరు తల దించుకుంటారు, కొందరు మీ మీద విరుచుకుపడతారు. ఈసారి మాస్టారి స్థానంలో నిలబడేది మీరు కావచ్చు. మీ పదవి, సంఘంతో మీ సంబంధం ఎంత వరకు తట్టుకోగలవో మీకే తెలుసు. అనకపోయినా మిమ్మల్ని తప్పుపట్టను.

మాస్టారి దగ్గరకు వెళ్లే సంగతి. ఫోన్ చేయకండి, ఎత్తడం లేదు కదా, మనిషిగా వెళ్లండి. ‘నిఘంటువులో అలాగే ఉంది మాస్టారూ’ అని మొదలుపెట్టకండి. నిజానికి ఆ మాట నిందించేది సభ్యులనే అన్న వివరణతో కూడా మొదలుపెట్టకండి; ఆయనకు మీకంటే బాగా తెలిసి ఉండవచ్చు, తెలిసినా నొప్పి నొప్పే. ఆయన అడిగిన ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పండి: తెలియక రాశాను, ఇప్పుడు తెలుసుకున్నాను. మరొక మాట, మీ ఉత్తరం చివర చిన్న అక్షరాలతో మీరే రాశారు, ‘ఆ ముప్పావుగంటా నేను తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాను’ అని. మీ దిగులంతా ఒక క్రియ గురించేనని నాకు అనిపించడం లేదు. కూర్చోండి మాస్టారూ అని ఒక్కరైనా అనవలసిన సమయంలో అనలేకపోయిన బాధ కూడా మాట మీదకు వచ్చి చేరిందేమో చూసుకోండి. అదే అయితే, మినిట్స్ ఎంత సవరించినా తీరదు. అది ఆయనకు విడిగా చెప్పుకోవలసిన మాట.

ఆయన వెంటనే కరగకపోవచ్చు, తలుపు దగ్గరే మాట్లాడి పంపవచ్చు. వెళ్లేటప్పుడు సవరణ వాక్యాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆమోదం కోసం కాదు, ఎందుకంటే ఒక మనిషి గురించిన మినిట్స్ ఎలా ఉండాలో ఆ మనిషే నిర్ణయించకూడదు. అందుకే అదే కాగితాన్ని కార్యదర్శిగారికీ అదే రోజున ఇవ్వండి. వాక్యంలో ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని మాత్రం మాస్టారిని అడగండి. ఎర్ర సిరా తీస్తే తీస్తారు, లేకపోతే కాగితం అక్కడే వదిలి రండి.